గుమ్మం మీది కలబంద

తెనాలి
24 జూన్, 1974

చిరంజీవి రత్నమాలకు,

ఆశీస్సులు ముందు, షరతులు తరువాత.

నువ్వు కూకట్‌పల్లి చేరినట్టు కార్డు అందింది. రైల్లో కలబంద కుండీని ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నానని రాశావు. చీర పాడయి ఉంటుంది. అయినా మంచి పనే.

మన ఒప్పందం మరొకసారి రాస్తున్నాను. నోటితో అనుకున్నవి ఎవరికి కావలసినట్టు వారికి గుర్తుంటాయి. నీకు మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందన్నప్పుడు మీ నాన్న ఏమన్నాడు? "పెరట్లో ఒక మొక్కను బతికించడం చేతకాని పిల్ల, అయినవాళ్ళు లేని ఊళ్ళో తాను బతుకుతుందా?" అన్నాడు. "అయితే ఒక మొక్కనే ఇచ్చి చూద్దాం" అన్నాను నేను. అందుకు వాడు ఒప్పుకున్నాడు. ఉగాదినాటికి ఆ కలబంద బతికి ఉంటే నువ్వు ఉద్యోగంలో ఉంటావు. చచ్చిపోతే రాజీనామా ఇచ్చి ఇంటికి వస్తావు, మళ్ళీ ఉద్యోగం మాట ఎత్తవు. హామీ ఉన్నది నేను.

కనుక ప్రతి నెలా మొక్క సంగతి నాకు రాయాలి. కుండీ ఎక్కడ పెట్టావు? ఎండ ఏ వేళ తగులుతుంది? ఆ గది తలుపుకు లోపలివైపు గడియ ఉందా? ఇంటివారికి మేకలు ఉంటే తోసుకు వచ్చి మొక్కను కొరుకుతాయి. ఇంటావిడ ఎలాంటి మనిషి? మొక్కకు నీడగా నిలుస్తుందా, నువ్వు లేనప్పుడు కనిపెట్టి ఉంటుందా?

జవాబులు వరుసగా రాయి. నీకు ప్రశ్నలు దాటవేసే అలవాటు ఉంది.

ఇట్లు,
భ్రమరాంబ

*

కూకట్‌పల్లి
15 జూలై, 1974

బామ్మకు నమస్కారాలు.

వరుసగానే రాస్తున్నాను. కుండీ కిటికీ దగ్గర, తూర్పు ఎండ. గడియ ఉంది, ఇనపది. మేకలు లేవు, ఒక బర్రె ఉంది. గేదెను ఇక్కడ బర్రె అంటారు. నేను మొదటిరోజు "గేదె పాలు కావాలండీ" అంటే ఇంటావిడ చంద్రమ్మగారు, "గేదెనా? గా పేరుగల్లది మా ఇంట్ల లేదు బిడ్డా, బర్రె ఉంది, దాని పాలు తాగుతవా?" అంది. ఆవిడ గొంతు మన బడి గంటంత ఉంటుంది. భర్త సాయిలుగారు ఇటుకల బట్టీలో పని చేస్తారు, ఆయన మాట్లాడగా నేను ఇంకా వినలేదు. ఆవిడ సందు ఇవ్వదు.

ఇల్లు ఊరి చివర. వెనక అంతా గుట్టలే. ఫ్యాక్టరీ ఉన్న బాలానగర్‌కు బస్సు దొరికితే బస్సు, లేకపోతే నడక. పని నాకు బాగా నచ్చింది. మాత్ర నీళ్ళలో ఎంతసేపటికి కరుగుతుందో గడియారం పెట్టి చూడాలి. మింగిన మాత్ర కడుపులో కరగకపోతే మందు వేసుకున్నా లాభం లేదట. ఒకే డబ్బాలోని మాత్రలు కూడా ఒకేలా కరగవు బామ్మా! ఎందుకు కరగవో అని నేను మధ్యాహ్నం టీ కూడా మానేసి చూస్తూ కూర్చుంటే మా పెద్దాయన విశ్వేశ్వరరావుగారు, "అమ్మాయీ, మాత్రలు ఎటూ పారిపోవు, తాగి రా" అన్నారు.

మొక్కకు లోటు లేదు. ఇంట్లో తులసికి పోసినట్టే రోజూ పొద్దున్న స్నానం కాగానే చెంబుతో నీళ్ళు పోసి, తరువాతే నా కాఫీ. ఆకులు నిగనిగలాడుతున్నాయి.

నీ
రత్నం

*

తెనాలి
12 ఆగస్టు, 1974

చిరంజీవి రత్నమాలకు,

మాత్రల గురించి పేరా మొత్తం రాశావు. మొక్క గురించి చివర మూడు ముక్కలు. నిగనిగ అంటే ఏ రంగు? ముదురు ఆకుపచ్చా, పసుపు కలిసిన పచ్చా? ఆకు వేలితో నొక్కితే గట్టిగా ఉందా, దిగబడుతోందా? చెంబు ఏ చెంబు? నువ్వు తీసుకెళ్ళిన కంచు చెంబయితే అది తులసికోటకు సరిపోయే చెంబు.

నీ ఉత్తరం చదివాక మన నూతి వెనక కలబందల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఈ ఇంటికి వచ్చిన నాటినుంచి అవి అక్కడే ఉన్నాయి. వాటికి ఎవరైనా నీళ్ళు పోయడం నేను చూసినట్టు గుర్తు లేదు. మీ అమ్మనూ, పనిమనిషి భాగ్యమ్మనూ అడిగాను. వాళ్ళకూ గుర్తు లేదు. ఎవరూ ఏమీ చేయని మొక్క కనుక ఏం చేయాలో నీకు ఎవరమూ చెప్పలేదు. ఇది నాకు ఆలోచించవలసిన సంగతిగా కనిపిస్తున్నది.

వెంటనే జవాబు రాయి.

భ్రమరాంబ

*

కూకట్‌పల్లి
9 సెప్టెంబరు, 1974

బామ్మకు నమస్కారాలు.

ఇక్కడ వానలు జోరుగా ఉన్నాయి. ఫ్యాక్టరీలో పని ఎక్కువగా ఉంది, అందుకే ఆలస్యం. నేను క్షేమం, మొక్క క్షేమం. నాన్నకూ అమ్మకూ నమస్కారాలు చెప్పు.

రత్నం

*

తెనాలి
14 సెప్టెంబరు, 1974

రత్నమాలా,

క్షేమం అన్నది మనుషుల గురించి రాసే మాట. మొక్క నిలబడి ఉందా, పడి ఉందా?

భ్రమరాంబ

*

కూకట్‌పల్లి
6 అక్టోబరు, 1974

బామ్మా,

నిలబడి లేదు, పడి కూడా లేదు. వేలాడుతోంది.

నీకు అబద్ధం రాశాను. జూలైలోనే అడుగు ఆకు ఒకటి మెత్తబడింది. దాహమేమో అనుకుని ఇంకొంచెం పోశాను. తరువాత రెండోది. ఆగస్టు చివరికి మొక్క ఒక పక్కకు ఒరిగింది. రోజంతా మాత్రలు నీళ్ళలో కరగడం చూసి జీతం తీసుకునేదాన్ని, ఇంట్లో ఆకులు కరిగిపోతుంటే నీళ్ళు పోస్తూ కూర్చున్నాను.

ఒకరోజు చంద్రమ్మగారు గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకుంది.

"గిదేంది బిడ్డా, గిట్ల కంపు గొడుతుంది?"

"కలబందండీ. రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను, అయినా..."

"గందుకే సచ్చింది. తులశమ్మ అనుకున్నవా, పొద్దుగాల లేసి చెంబెడు వోయనీకి?"

నేను వద్దు వద్దంటున్నా వినకుండా ఒక్క లాగు లాగింది. వేళ్ళు ఊడి మట్టిలోనే ఉండిపోయాయి. మొదలు నల్లగా ముద్దయిపోయింది. నాకు ఏడుపు వచ్చింది. మొక్కకు ఇంత ఏడుపేమిటని అడిగితే మన ఒప్పందం చెప్పాను. ఆవిడ కాసేపు నోరు తెరవలేదు. అది చూసి సాయిలుగారే గాబరాపడి బయటికి వచ్చారు.

తరువాత కత్తిపీట తెచ్చి కుళ్ళిన భాగమంతా కోసేసింది. "ఇగ మట్టికి పనికిరాదు. సచ్చేదాంక దిష్టికన్న ఉంటది, ఫికర్ జేయకు" అంటూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఎర్రగుడ్డ చుట్టి, తలకిందులుగా మా గుమ్మానికి కట్టింది. మా వాటాకూ వాళ్ళ వాటాకూ ఒకటే గుమ్మం. ఆ రోజునుంచి నా ఉద్యోగం కూడా అక్కడే, ఆ దారానికే వేలాడుతోంది.

కానీ బామ్మా, ఒక వింత. వారంలో ఎండిపోతుందని చూశాను. నెల దాటింది. మట్టి లేదు, నీళ్ళు లేవు, వేళ్ళు లేవు. కోసిన చోట గట్టిగా మానింది, మోకాలి మీద దెబ్బ చెక్కు కట్టినట్టు. ఆకులు పచ్చగానే ఉన్నాయి, నొక్కితే గట్టిగా ఉన్నాయి. దీన్ని బతికి ఉండటం అంటారా, నెమ్మదిగా చనిపోవడం అంటారా? నాకు నిజంగా తెలియడం లేదు.

నాన్నకు చెప్పకు. లేదా చెప్పు. నీ ఇష్టం.

రత్నం

*

తెనాలి
2 నవంబరు, 1974

చిరంజీవి రత్నమాలకు,

మొదట అబద్ధం సంగతి. "మొక్క క్షేమం" అని రాశావు. నేను నీకు హామీ ఉన్న మనిషిని. నువ్వు నాకు అబద్ధం చెబితే నేను మీ నాన్నకు అబద్ధం చెప్పినట్టే. ఇంకొకసారి ఇలా జరిగితే ఉగాది దాకా ఆగను, నేనే వచ్చి నీ పెట్టె సర్దిస్తాను.

తరువాత మొక్క సంగతి. మీ నాన్న పందేనికి గులాబీ ఇద్దామన్నాడు. వద్దు, కలబంద అన్నది నేను. ఇంట్లో ఉన్నవాటిలో చంపడానికి అన్నిటికన్నా కష్టమైన మొక్కను ఏరి నీ చేతిలో పెట్టాను. దాన్ని కూడా చావు దాకా తీసుకుపోయావంటే నీ శ్రద్ధ తక్కువేమీ కాదు. కుండీలో నల్లరేగడి నింపింది నేను కనుక అందులో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను. ఆ మట్టి చెంబెడు నీళ్ళు తాగితే వారమైనా వదలదు.

మీ నాన్న అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అడగకపోతే నా అంతట నేను చెప్పను.

దిష్టి మీద నాకు నమ్మకం లేదు. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో పాఠశాల గుమ్మానికి కట్టిన గుమ్మడికాయను నేనే దింపించాను. అయితే నువ్వు రాసిన మొక్క నా నమ్మకాన్ని అడిగి బతకడం లేదు. అందుచేత మొన్న నూతి వెనకనుంచి ఒక కలబందను వేళ్ళతో తీసి, వేళ్ళు కోసి, నీడలో ఆరనిచ్చి, వసారా దూలానికి తలకిందులుగా కట్టాను. పసుపూ కుంకుమా లేవు. కట్టేముందు వంటింటి తక్కెడలో తూచాను. ప్రతి ఆదివారం దించి మళ్ళీ తూస్తాను. భాగ్యమ్మ పక్కింటి వాళ్ళతో, "పెద్దమ్మగారికీ దిష్టి భయం పట్టుకుంది" అని చెప్పిందట. చెప్పనీ.

నీ మొక్కకు కొత్త ఆకు ఏదైనా వస్తున్నదా? వస్తే ఎటువైపు? దాని కింద నుంచి రోజూ వెళతావు కదా, తల ఎత్తి చూడు.

భ్రమరాంబ

*

కూకట్‌పల్లి
19 జనవరి, 1975

బామ్మకు నమస్కారాలు.

కొత్త ఆకు వచ్చింది! నడిమి నుంచి వచ్చింది. కిందికి చూస్తూ మొదలై, మెల్లగా వంపు తిరిగి, ఇప్పుడు కొన పైకి చూస్తోంది. మన నూతి గిలకకు వేసే కొక్కెంలా ఉంది. అడుగు ఆకులు మాత్రం పలచబడ్డాయి. నీ తక్కెడ ఏమంటోంది?

పోయిన ఆదివారం చంద్రమ్మగారితోనూ సాయిలుగారితోనూ కలిసి ఆవిడ అక్క పోచమ్మగారి ఊరు మాదాపూర్ వెళ్ళాను. బండిబాట. దారంతా ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య ఆకు రాలిన సీతాఫలం చెట్లు. "ఇక్కడ మనుషులు తక్కువ కదండీ?" అన్నాను. "రాయిల ఎవరుంటరమ్మా? మేకలుంటయి, మేముంటం" అన్నారు సాయిలుగారు. ఆయన మాట్లాడగా విన్నది అదే మొదలు.

అక్కడ, బండ పగుల్లో, కలబంద! గుప్పెడు మొరం, అదే గులకరాళ్ళ ఎర్రమట్టి, తప్ప ఏమీ లేదు. చేత్తో ముట్టుకుంటే బండ కాలుతోంది. మొక్క నిక్షేపంలా ఉంది. నేను రాని బస్సు కోసం ఎదురుచూసినట్టు దాని ముందు అంతసేపు నిలబడ్డాను. దాన్ని పెంచడమంటే దాని జోలికి పోకుండా ఉండటమేనా బామ్మా? అది నాకు నీళ్ళు పోయడం కన్నా కష్టంగా ఉంది.

ఇప్పుడు భయం సంగతి. నాన్న ఉత్తరం రాశారు. మార్చిలో ఆఫీసు పనిమీద హైదరాబాద్ వస్తున్నారట, కుండీని కళ్ళారా చూసి వెళతానన్నారు. మొక్కను దించి మట్టిలో పెడదామని చంద్రమ్మగారిని బతిమాలాను. "దించుడా? అది కట్టినంక మా బర్రె మంచిగ ఈనింది. రెండేండ్ల సంది దూడ దక్కలే. ఇగ అది నీది గాదు, గుమ్మానిది. వానలు వడేదాంక ముట్టనియ్య" అంది.

అందుకని మాదాపూర్ బండల్లోంచి ఒక పిలక తెచ్చి, మొరం నింపి, నీ కుండీలో పెట్టాను. చక్కగా నాటుకుంది. నువ్వు ఇచ్చిన దానికీ దీనికీ తేడా నాన్నకు తెలియదు. నీకు చెప్పకుండా ఉండలేక చెబుతున్నాను.

రత్నం

*

తెనాలి
4 ఫిబ్రవరి, 1975

చిరంజీవి రత్నమాలకు,

నా మొక్క కూడా తిరిగింది. నీ ఉత్తరం వచ్చేసరికి నేను అదే రాయబోతున్నాను. వెలుగు కోసం తిరిగిందేమో అనుకుని దాన్ని ధాన్యం గది చీకట్లోకి మార్చాను. అక్కడ కూడా పైకే తిరుగుతున్నది. వెలుగు లేనిచోట దానికి పైవైపు ఏదో, కిందివైపు ఏదో ఎలా తెలిసింది? ఇది నన్ను వంట మధ్యలో కూడా వదలడం లేదు. తక్కెడ లెక్క ఇది: మొక్క మొత్తం బరువు తగ్గుతున్నది, నడిమి ఆకు మాత్రం పెరుగుతున్నది. బయటినుంచి వచ్చేది ఏమీ లేదు. పాత ఆకులు దాచుకున్నదే కొత్త ఆకుకు ఖర్చవుతున్నది. కొంతకాలం ఇలా సాగుతుంది. ఎల్లకాలం సాగదు. చంద్రమ్మ వానలదాకా అన్నది సరైన గడువే.

కుండీ సంగతి. బండల్లోని మొక్క బాగుంటే బాగుంది, పెంచుకో. కానీ మీ నాన్న ఆ కుండీ చూసి, "ఇది ఎవరిచ్చిన మొక్క?" అని అడగడు. వాడికి ఆ అనుమానమే రాదు. అందుకే నువ్వే చెప్పాలి. అడిగినప్పుడు నిజం చెప్పడం పెద్ద పనేమీ కాదు.

వేలాడేది బతికి ఉన్నట్టా కాదా అని తేల్చవలసింది వాడు. వాడు కాదంటే కాదు. నేను నీ తరఫున ఒక్క మాట కూడా అనను. ఒప్పందం ఒప్పందమే.

భ్రమరాంబ

*

కూకట్‌పల్లి
23 మార్చి, 1975

బామ్మకు నమస్కారాలు.

నాన్న నిన్న వచ్చి వెళ్ళారు. ఏమి తేల్చారో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గొడుగు చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వస్తూ, కలబంద కొన బట్టతలకు గుచ్చుకుని, "అబ్బ! తలకు తగిలేలా ఎవరమ్మా కట్టింది?" అని విసుక్కుంటూ లోపలికి వచ్చారు. కుండీ చూశారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. ముఖం విప్పారింది.

"ఫర్వాలేదే! బాగానే పెంచావు. మీ బామ్మ గెలిచింది" అన్నారు.

బామ్మా, అప్పుడు నేను నోరు మూసుకుంటే చాలు. మూసుకునే ఉన్నాను, కాఫీ కలిపేంతసేపు. గ్లాసు ఆయన చేతికిచ్చి, "అది కాదు నాన్నా. అది మాదాపూర్ బండల్లోది. బామ్మ ఇచ్చింది కుళ్ళిపోయింది. మిగిలింది అదీ" అని గుమ్మం పైకి చూపించాను.

నాన్న కాఫీ తాగలేదు. "అంటే చచ్చిపోయినట్టే కదా" అన్నారు. ఆ గొంతు నీకు తెలుసు.

చంద్రమ్మగారు ఎక్కడినుంచి విన్నదో, పేడ చేతులతోనే వచ్చేసింది.

"ఎవరు సచ్చింది సారూ? జర కండ్లు పెట్టి చూడుండ్రి! గా నడిమి ఆకు నిన్నగాక మొన్న వచ్చింది. సచ్చినదానికి ఆకులొస్తయా?"

"అది మట్టిలో ఉండాలి కదమ్మా..."

"వానలు వడ్డంక నేనే దించి నాటుత. అప్పటిదాంక అది దిగదు, ఈ పిల్ల పోదు. రెండు గిదే గుమ్మానికి ఉన్నయి. మీకు పరేషాన్ అయితే మీరు జర వంగి నడువుండ్రి!"

నాన్నతో అలా ఎవరైనా మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన పీట తెప్పించి, దాని మీద ఎక్కి, కళ్ళజోడు తీసి, ఆ కొక్కెం ఆకును వేలితో ముట్టుకుని చూశారు. తిప్పి చూశారు. కోసిన మొదలు చూశారు.

"ఇది పైకెందుకు తిరిగింది?" అన్నారు.

"తెలియదు నాన్నా. బామ్మ కూడా ధాన్యం గదిలో కట్టి చూస్తోంది."

"మీ బామ్మా!" అన్నారు. చల్లారిన కాఫీ తాగి, గదంతా ఒకసారి తిరిగి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర వంగారు.

రాజీనామా కాగితం రాసి ఉంచుకోవాలా?

రత్నం

*

తెనాలి
16 ఏప్రిల్, 1975

చిరంజీవి రత్నమాలకు,

ఆశీస్సులు. ఉగాది అయింది. పచ్చడిలో మీ అమ్మ ఈసారి కూడా బెల్లం ఎక్కువ వేసింది.

మీ నాన్న ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ధాన్యం గదిలోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. చాలాసేపు చూసి, "ఇదీ తిరిగిందే!" అన్నాడు. తరువాత వసారాలోకి వచ్చి కూర్చుని, "కుండీలోదే అని ఊరుకుంటే నేను నమ్మి వచ్చేసేవాణ్ణి. పైకి చూపించింది" అన్నాడు. భోజనాల దగ్గర మళ్ళీ అదే మాట అన్నాడు, "పైకి చూపించింది" అని. నేను ముందే చెప్పినట్టు ఒక్క మాట కూడా అనలేదు. చారు వడ్డించాను.

మర్నాడు నూతి వెనకనుంచి వాడే ఒక కలబంద తెచ్చి, దాన్ని తలకిందులుగా కాక అడ్డంగా కట్టాడు. అడ్డంగా ఉన్నది ఎటు తిరుగుతుందో చూడాలట. ట్రెజరీ ఆఫీసుకు వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి దాని కింద నిలబడుతున్నాడు. భాగ్యమ్మ ఈ ఇంటికి ఎంత దిష్టి తగిలిందో అని బెంగపెట్టుకుంది.

ఉగాదినాడు తేల్చమని అడిగాను. "రోజూ నీళ్ళు పోయవద్దని రాయి" అన్నాడు. ఏ మొక్కకు అని అడిగాను. "అక్కడ ఉన్న రెండింటికీ" అన్నాడు. కనుక ఒప్పందం ముగిసింది. రాజీనామా రాసి ఉంటే ఆ కాగితం వెనక వైపు నాకు ఉత్తరం రాయి, వృథా చేయకు.

నీ గది గడియ గట్టిదేనట. నువ్వు కాఫీ కలుపుతుండగా వాడు రెండుసార్లు వేసి తీసి చూశాడట. ఇకనుంచి మేకల గురించి అడగను.

చంద్రమ్మకు నా నమస్కారం చెప్పు. వానలు పడగానే మొక్కను దించి మొరంలో నాటమను, నాటిన వెంటనే నీళ్ళు పోయవద్దను. ఆవిడకు చెప్పనక్కరలేదేమో, నువ్వు విను. చీకట్లో దానికి పైవైపు ఎలా తెలుస్తుందో మీ విశ్వేశ్వరరావుగారిని అడిగి చూడు. ఆయనకు తెలియకపోతే తెలియదనే రాయి.

మే నెలలో నాలుగు రోజులు సెలవు దొరికితే రా. ఇక్కడి రెండు మొక్కలనూ కలిసి చూద్దాం. తిరుగు ప్రయాణానికి టికెట్టు కూడా అక్కడే కొనుక్కుని రా, సెలవుల్లో ఇక్కడ దొరకవు.

బామ్మ